మీ దస్తావేజు మీరే రాసుకోవచ్చు: మా కార్యాలయంలో వచ్చే నెల నుంచి మార్పు

మా ఖాతాదారులకు నమస్కారాలు.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాం. ఇన్నేళ్లలో మా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాలంటే దస్తావేజు లేఖరి ఉండి తీరాలన్న నమ్మకంతోనే వచ్చారు. అటువంటి నిబంధన ఏదీ లేదని మాకు తెలుసు. ఎవరైనా అడిగినప్పుడు కాదనకుండా ఒప్పుకున్నాం గానీ, అడగనివారికి మా అంతట మేము చెప్పలేదు. అది సరైన పని కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. అందుకే వచ్చే నెల 1వ తేదీ నుంచి మేము చేయబోయే మార్పుతో పాటు, మీ దస్తావేజు మీరే తయారు చేసుకోవాలనుకుంటే ఏమేమి చూసుకోవాలో కూడా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

కిందటి సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన ఒక ఖాతాదారు అడిగిన ప్రశ్న దీనికి కారణం. ఆయన టెక్సస్‌లో ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ వారే పాత రికార్డులన్నీ వెతికి, డబ్బు తమ చేతిలో ఉంచుకుని, కాగితాలు పూర్తి చేయించి, రేపు ఎవరైనా ఆ ఇల్లు తమదని వస్తే నష్టం భరించేలా బీమా కూడా ఇచ్చారట. "మరి ఇక్కడ ఆ పని ఎవరు చేస్తారండీ, మీరా, రిజిస్ట్రారు గారా?" అని అడిగారు. ఇద్దరమూ చేయడం లేదని చెప్పవలసి వచ్చింది. మేము రాస్తాం, వారు నమోదు చేస్తారు. అమ్మేవారికి ఆ ఆస్తిపై నిజంగా హక్కు ఉందో లేదో తేల్చే అధికారం రిజిస్ట్రేషన్ చట్టం సబ్ రిజిస్ట్రారుకు ఇవ్వలేదని, తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి ఆస్తి మనదైపోయిందన్న ధీమాకు ఆధారం లేదు. హక్కు సంగతి కొనేవారే ముందుగా చూసుకోవాలి.

ముందు రాత పని సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో భయపడవలసింది తక్కువ. అమ్మకం, దానం, సెటిల్‌మెంట్ (కుటుంబ సభ్యులకు ఆస్తి రాసివ్వడం), భాగపంపిణీ వంటి దస్తావేజుల నమూనాలు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వెబ్‌సైటులోనే ఉన్నాయి. వివరాలను ఆన్‌లైనులో మీరే నమోదు చేసుకోవచ్చు, రుసుములు మీ పేరనే చెల్లించుకోవచ్చు. "పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ స్వాతంత్ర్యములతో" వంటి పాత వాక్యాలు రాయడం మాకు అలవాటు, చదవడం పెద్దవారికి ఇష్టం. అవి లేకపోయినా దస్తావేజు చెల్లుతుంది. ఎవరు ఎవరికి, ఏ ఆస్తిని, ఎంతకు అమ్మారు, ఆ డబ్బు ఏ తేదీన ఏ రూపంలో ముట్టింది, స్వాధీనం ఎప్పుడు ఇచ్చారు, ఆ ఆస్తి అమ్మేవారికి ఎలా వచ్చింది అన్నవి తేటతెల్లంగా ఉంటే చాలు. దానానికి మాత్రం కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండి తీరాలి, లేకపోతే ఆ దానమే నిలవదు. కొట్టివేతలు, వరుసల మధ్య చేర్పులు ఉంటే వాటి పక్కన సంతకాలు పెట్టించండి.

ఖర్చు లెక్క కూడా మీరే వేసుకోగలరు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకానికి స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. 30 లక్షల రూపాయల స్థలానికి వరుసగా 1,50,000, 45,000, 30,000, మొత్తం 2,25,000 రూపాయలు. పైన స్వల్పంగా వినియోగ రుసుము ఉంటుంది. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వం ఆ ప్రాంతానికి నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపైనే లెక్క కడతారు. హైదరాబాదులో ఫ్లాటు కొంటున్నవారికి విభజన వేరుగా, 5.5, 1.5, 0.5 శాతంగా ఉన్నా మొత్తం అదే 7.5 శాతం. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ మాత్రం తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనేవారు ధరలోంచి 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవారి తరఫున ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టాలి. దీన్ని మర్చిపోయి తర్వాత వడ్డీతో కట్టినవారు మా ఖాతాదారుల్లోనే ఉన్నారు. సంతకాలైన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా దస్తావేజును దాఖలు చేయాలి. అది దాటితే మరో నాలుగు నెలల వరకు జరిమానాతో అవకాశం ఉంటుంది గానీ, ఆ జరిమానా రిజిస్ట్రేషన్ రుసుముకు పది రెట్ల దాకా పోవచ్చు.

అసలు కష్టం షెడ్యూలులో ఉంది. ఆస్తిని వర్ణించే ఆ చివరి పేజీలో జరిగే పొరపాటు ఎంత దూరం పోతుందో మా తప్పు ద్వారానే చెబుతాను. మూడేళ్ల కిందట మేము రాసిన ఒక దస్తావేజులో రోడ్డు హద్దు తూర్పున ఉండవలసినది పడమరన పడింది. లింకు డాక్యుమెంటులో, అంటే ఆ ఆస్తి అమ్మేవారికి ఎలా వచ్చిందో చూపే వెనకటి దస్తావేజులో, ఉన్న తప్పును చూసి అలాగే దింపాం, స్థలం దగ్గరికి ఎవరమూ వెళ్లలేదు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగినప్పుడు బ్యాంకు న్యాయవాది పట్టుకున్నారు. సవరణ దస్తావేజుకు అమ్మినవారు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. అప్పటికి వారు పుణెలో స్థిరపడ్డారు. వారిని బతిమాలి రప్పించడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ ఖర్చంతా మేమే భరించాం. అయినా ఆ కుటుంబం అంతకాలం అద్దె ఇంట్లోనే ఉండవలసి వచ్చింది, దాన్ని మేము తిరిగి ఇవ్వలేకపోయాం.

కొలతల్లో ఇంకో తప్పు మా ప్రాంతంలో తరచుగా కనిపిస్తుంది. పాత కాగితంలో నాలుగు సెంట్లని ఉంటుంది, కొత్తదానిలో దాన్ని 200 గజాలని రాసేస్తారు. సెంటుకు 48.4 చదరపు గజాలు కాబట్టి నాలుగు సెంట్లంటే 193.6 గజాలే. అమ్మేవారికి లేని 6.4 గజాలకు కొనేవారు డబ్బు కడుతున్నారు, పక్కవారితో గొడవ కూడా కొనుక్కుంటున్నారు. అందువల్ల టేపు పట్టుకుని స్థలానికి వెళ్లండి. తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45 అడుగులు వస్తే 1800 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 200 గజాలు, చదరపు మీటర్లలో 167.2. ఈ అంకెలు మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి. నాలుగు వైపులా ఉన్నవారి పేర్లు ఇప్పటివేనా అని అక్కడే అడిగి రాసుకోండి.

ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీద అతిగా ఆధారపడవద్దని కూడా చెప్పాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ ఆన్‌లైనులో దొరుకుతుంది, అంతకు ముందువాటికి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే ఈసీలో రిజిస్టరైన దస్తావేజులే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, ఇంట్లో కూర్చుని పంచుకున్న పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండకపోవచ్చు. అసలు పత్రాలు తాకట్టుగా ఉంచి తీసుకున్న అప్పు కూడా అంతే. అందుకే జిరాక్సు కాపీలతో సరిపెట్టుకోకుండా అసలు లింకు డాక్యుమెంట్లను చేత్తో పట్టుకుని చూడండి. "బ్యాంకు లాకరులో ఉన్నాయి, తర్వాత ఇస్తాం" అంటే ఆ మాట దగ్గరే ఆగిపోండి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు కేటాయించిన), దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింది నిషేధిత జాబితాలో ఉంటాయి, అది బయానా ఇవ్వకముందే చూడవలసినది.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఆడపిల్లల సంతకాలు. తండ్రి వీలునామా రాయకుండా పోయిన తర్వాత కొడుకులు మాత్రమే వచ్చి, "చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటూ అమ్మకం రాయమంటారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో 1956 నుంచే కూతురు వారసురాలు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో 2005 సవరణ తర్వాత ఆమెకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది, దాన్ని 2020లో సుప్రీంకోర్టు మరోసారి స్థిరపరిచింది. పెళ్లికి ఇచ్చిన కట్నం ఆ హక్కును పోగొట్టదు. వారసులందరూ సంతకం చేయని దస్తావేజును ఇకపై మేము రాయము. ఇది వ్యాపారం పోతుందని తెలిసి తీసుకున్న నిర్ణయం.

విదేశాల్లో ఉన్నవారు పవరాఫ్ అటార్నీ పంపేటప్పుడు అక్కడి నోటరీ ముందో భారత కాన్సులేటులోనో సంతకం చేసి ధ్రువీకరణ చేయించుకోవాలి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ తగిన స్టాంపు వేయించాలి.

ఇక మా మార్పు. ఇప్పటివరకు రాతకు, పరిశీలనకు, కార్యాలయానికి తోడు రావడానికి కలిపి ఒకే మొత్తం తీసుకునేవాళ్లం. అందులో దేనికెంతో మీకు తెలిసేది కాదు. వచ్చే నెల నుంచి మూడింటికీ వేర్వేరు ధరలు గోడ మీద రాసి ఉంటాయి. మీరే రాసుకుని తెచ్చిన దస్తావేజును లింకు డాక్యుమెంట్లతో పోల్చి చదివి, సందేహాలను కాగితం మీద రాసిచ్చేందుకు 1,500 రూపాయలు తీసుకుంటాం. పూర్తిగా మేమే రాయాలంటే 4,000 రూపాయలు, ఆస్తి విలువ ఎంతైనా అదే. ప్రభుత్వ రుసుములు మా చేతికి ఇవ్వవద్దు, మీ ఖాతా నుంచి మీరే చెల్లించండి. రశీదులో లేని ఏ ఖర్చు పేరుతోనూ మేము డబ్బు అడగము. మా పరిశీలన న్యాయవాది అభిప్రాయానికి బదులు కాదు. పెద్ద మొత్తం పెడుతున్నవారు, వారసత్వంగా వచ్చిన ఆస్తి కొంటున్నవారు న్యాయవాదికి తప్పక చూపించండి.

చదివే పనికి శ్రద్ధ కావాలి కాబట్టి రోజుకు నాలుగు దస్తావేజులే తీసుకుంటాం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. వచ్చేటప్పుడు అసలు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మీరు స్వయంగా కొలిచి రాసుకున్న కొలతలు తీసుకురండి. గతంలో మేము రాసిన దస్తావేజుల్లో హద్దుల మీద గాని కొలతల మీద గాని మీకు అనుమానం ఉంటే, ఎన్నేళ్ల కిందటిదైనా సరే, తెచ్చి చూపించండి. దానికి రుసుము ఉండదు, తప్పు మాదైతే సవరణ ఖర్చు కూడా మాదే.