విదేశీ ఎల్ఎల్ఎంకు ముందు రెండేళ్లు మన కోర్టుల్లో పనిచేయాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఎల్ఎల్ఎం, అంటే న్యాయశాస్త్రంలో పీజీ, చదవడానికి సిఫారసు లేఖ కావాలంటూ ఈ ఏడాది నలుగురు యువతీయువకులు నా కార్యాలయానికి వచ్చారు. నలుగురూ చురుకైనవారే. ఏ విషయం మీద చదవాలనుకుంటున్నారని అడిగితే, లా పరీక్షలు అప్పుడే ముగించుకున్న ముగ్గురూ కాలేజీ పాఠ్యాంశాల పేర్లే చెప్పారు. ఏడాదిన్నరగా ఒక సీనియర్ దగ్గర మోటారు ప్రమాద పరిహారం కేసులు చూస్తున్న నాలుగో అమ్మాయి మాత్రం, భర్తను పోగొట్టుకున్న కూలీ స్త్రీకి ఆదాయ ధ్రువపత్రం లేకపోతే పరిహారం లెక్క ఎంత తగ్గిపోతుందో వివరించి, ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా పరిష్కరించుకున్నాయో చదవాలని ఉందని చెప్పింది. ఆమెకు లేఖ రాయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

మన ఇళ్లలో విదేశీ చదువు అనగానే ఎంఎస్ గుర్తుకొస్తుంది. బీటెక్ కాగానే విమానం ఎక్కించే ఆ లెక్కనే తల్లిదండ్రులు లా చదువుకూ వర్తింపజేస్తున్నారు. ప్రోగ్రాం హైదరాబాద్‌లో రాసినా డల్లాస్‌లో రాసినా ఒకటే కావచ్చు గానీ, చట్టం ఏ దేశానిది ఆ దేశానికే పరిమితం. పైగా అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ వంటి స్టెమ్ కోర్సుల్లో ఎంఎస్ చేసినవారికి, చదువయ్యాక అక్కడే పనిచేయడానికి ఇచ్చే 12 నెలల అనుమతి (ఓపీటీ) మీద మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. ఎల్ఎల్ఎం సాధారణంగా స్టెమ్ కోర్సు కాదు కనుక ఆ అవకాశం లేక 12 నెలలతోనే సరిపెట్టుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేసే కుటుంబం ఈ ఒక్క తేడానైనా ముందుగా తెలుసుకోవాలి.

అనుభవం ఉన్నవారికి ఆ అప్పు భారం తగ్గే దారులు కూడా ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ ఉపకారవేతనానికి కనీసం రెండేళ్ల, అంటే 2,800 గంటల పని అనుభవం ఉండాలి. అమెరికాలో చదవడానికి ఇచ్చే, అంతర్జాతీయ న్యాయ అధ్యయనాలకూ వర్తించే ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు కావాలి. ఇంగ్లండులో సొలిసిటర్ కావాలనుకునేవారికి 2021 నుంచి అమల్లో ఉన్న ఎస్‌క్యూఈ (సొలిసిటర్ అర్హత పరీక్ష) విధానంలో పరీక్షలతో పాటు రెండేళ్ల పని అనుభవం తప్పనిసరి. అయితే ఇక్కడ న్యాయవాదిగా పూర్తి అర్హత పొందినవారికి ఆ రెండేళ్ల నిబంధన వర్తించదు. కాబట్టి బార్ కౌన్సిల్‌లో నమోదై ఆలిండియా బార్ పరీక్ష రాయకుండా విమానం ఎక్కడం తొందరపాటే. తిరిగి వచ్చి జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పోటీపడాలన్నా, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. విదేశానికి ముందు ఇక్కడ గడిపిన కాలం ఆ లెక్కలోకీ వస్తుంది.

ఇంత చెప్పాక, ఈ సలహా పాటించడం పేద, మధ్యతరగతి పిల్లలకు ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. తప్పు మా సీనియర్లది. ఉదయం కార్యాలయంలో ఫైళ్లు సర్ది, పగలు వాయిదాలు చూసి, సాయంత్రం మళ్లీ డ్రాఫ్టులు రాసే జూనియర్‌కు బస్సు ఖర్చులు కూడా ఇవ్వని కార్యాలయాలు నాకు తెలుసు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది గానీ, అది సూచనగానే మిగిలింది. నమోదు రుసుము చట్టం చెప్పిన 750 రూపాయలకు మించరాదని, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలేనని అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు తేల్చడం మాత్రం నిజమైన మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన లా నేస్తం పథకం కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చింది. అటువంటి ఆసరా రెండు రాష్ట్రాల్లోనూ, ప్రభుత్వాలు మారినా ఆగకుండా, తొలి మూడేళ్లు అందాలి. జిల్లా బార్ అసోసియేషన్లు జూనియర్లకు ఇచ్చే భృతిని సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టి, కనీస మొత్తాన్ని తీర్మానించాలని కోరుతున్నాను.

లేఖ ఇవ్వకుండా పంపిన ముగ్గురిలో ఒకరు గత నెల నుంచి నా దగ్గరే భృతి తీసుకుని పనిచేస్తున్నారు. లా కాలేజీలో ఐపీసీ చదివి వచ్చిన ఆ అబ్బాయి ఇప్పుడు దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పక్కన పెట్టుకుని బెయిలు పిటిషన్లు రాస్తున్నాడు. మిగిలిన ఇద్దరికీ నా కార్యాలయం తలుపులు తెరిచే ఉన్నాయి.

— ఒక సీనియర్ న్యాయవాది, రాజమహేంద్రవరం