కిలో లెక్క కూలీలూ కంపెనీ మనుషులే

సంపాదకులకు,

పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కల పొట్టు తీసేదీ, గుండ్లూ బద్దలూ ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కూలి కిలోల లెక్క. పైడిభీమవరం మందుల కంపెనీల్లో ఊడ్చడం, మోయడం, ప్యాకింగ్ లాంటివి చాలావరకు కాంట్రాక్టరు మనుషుల చేతుల మీదే నడుస్తాయి. ఇలాంటి చోట్ల ఎవరినీ చిన్నచూపు చూడొద్దంటూ బోర్డు పెట్టేముందు యాజమాన్యం తేల్చుకోవాల్సింది ఒకటుంది: మా దగ్గర మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారు? మస్టరులో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లనే లెక్కేసి, మేస్త్రీ తెచ్చినవాళ్లను వదిలేస్తే ఆ తర్వాత చేసేదంతా తప్పుల తడకే.

పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. రోజుకూలీ, తాత్కాలిక ఉద్యోగి, అప్రెంటిస్, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు అందరూ ఉద్యోగులే. కాంట్రాక్టరు తెచ్చిన సంగతి అసలు యజమానికి తెలియకపోయినా సరే. ఇలా లెక్కేసి పదిమంది ఉంటే ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ వేసి తీరాలి. అధ్యక్షురాలు అక్కడి సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి. కమిటీ వేయకపోతే జరిమానా రూ.50,000 వరకు ఉంటుంది.

చిక్కంతా కమిటీ వేశాకే మొదలవుతుంది. బయటి సభ్యురాలి పేరు కాగితం మీద ఉంటుంది గానీ ఆమెకు కబురు వెళ్లదు. ఆమెకు చట్టం ఇచ్చే భత్యం రోజుకు రూ.200, పైన ప్రయాణ ఖర్చులు. ఏ యాజమాన్యానికీ ఇది బరువు కాదు. ఫిర్యాదు ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే మరో 3 నెలల గడువు ఇవ్వొచ్చు. చదువు రాదని ఫిర్యాదుకు వచ్చిన మహిళను వెనక్కి పంపకూడదు, రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే. పని మానేసినా ఫిర్యాదు చెల్లుతుంది. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఆ తర్వాత 10 రోజుల్లో, దానిపై చర్య 60 రోజుల్లో.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది పెద్దమనుషుల రాజీ. ఇంత డబ్బిస్తాం, విషయం ఇక్కడితో వదిలెయ్యి అనడం చట్టానికే విరుద్ధం. రాజీ జరగాలంటే ముందు ఆమె కోరాలి, దానికి డబ్బు ఆధారం కాకూడదు. కేసు పేరుతో ఆమెను వేరే బల్లకో, వేరే షెడ్డుకో మార్చడం ఇంకో పొరపాటు. చేతికి అలవాటైన పని పోతే రోజుకు తీసే కిలోలు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది, అంటే ఫిర్యాదు చేసినందుకు ఆమెకే శిక్ష. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషినే వేరేచోటికి మార్చమని సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉంది. 3 నెలల వరకు సెలవు ఇప్పించే వీలూ ఉంది. అయితే కిలో లెక్క కూలీకి సెలవంటే పస్తే. అందుకే అంతకుముందు నెలల సగటు కూలీ చూసి ఆ రోజులకు కట్టివ్వడం న్యాయమని మా అభిప్రాయం.

పదిమంది కన్నా తక్కువున్న చిన్న షెడ్లలోనూ, ఆరోపణ యజమాని మీదే ఉన్నప్పుడూ ఫిర్యాదు వెళ్లాల్సింది జిల్లాలోని స్థానిక కమిటీకి. మండల స్థాయిలో నోడల్ అధికారి దాన్ని తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. ఈ చట్టం కింద ఉండాల్సిన జిల్లా అధికారులను 2024 డిసెంబరు 31కల్లా నియమించాలని, స్థానిక కమిటీలను 2025 జనవరి 31కల్లా వేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. ఆ నోడల్ అధికారి ఎవరో పొట్టు తీసే మనిషికి తెలియనంత వరకు ఆ గడువులు ఆమెకు ఎందుకూ కొరగావు.

దివ్యాంగుల విషయంలోనూ లెక్క దగ్గరే తేడా. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వోద్యోగాలకే గనక మాకు సంబంధం లేదంటాయి ప్రైవేటు సంస్థలు. కానీ 20 మంది, అంతకు మించి ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనబడేలా పెట్టాలి, నియామకాలు చూడటానికి లైజన్ అధికారిని పెట్టాలి. ర్యాంపు కట్టామంటే సరిపోదు. గుమ్మం అడుగు ఎత్తుంటే వాలు 12 అడుగులు సాగాలి. నాలుగడుగుల్లో ముగించిన సిమెంటు వాలు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, వానపడితే కాలు జారుతుంది కూడా.

ప్రతి మండల కార్యాలయం గోడ మీదా, ప్రతి పారిశ్రామికవాడ గేటు దగ్గరా నోడల్ అధికారి పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలని శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లను కోరుతున్నాం. ఇచ్ఛాపురం, కంచిలి వైపు ఒడియాలో కూడా ఉండాలి. కార్మిక శాఖ తనిఖీకి వెళ్లినప్పుడు మస్టరుతో పాటు కాంట్రాక్టరు కూలి చెల్లించిన పుస్తకాన్నీ పక్కన పెట్టుకుని తలలు లెక్కించాలి.

- పనిచోట భద్రత, కార్మిక చట్టాలు చూసే కొందరం,
శ్రీకాకుళం