వాద్యబృందం లేని భామాకలాపం

సంపాదకులకు నమస్కారం.

పేద విద్యార్థుల ఉపకార వేతనాలకు నిధి సమకూర్చేందుకు ఇటీవల మా పట్టణంలో కూచిపూడి సంప్రదాయంలో ‘భామాకలాపం’ నృత్యనాటకం ప్రదర్శించారు. టికెట్టు కొని చూసినవారిలో నేనూ ఒకణ్ణి. హాలు నిండింది, సత్యభామ పాత్ర ధరించిన అమ్మాయి అభినయమూ బాగుంది. కానీ వేదిక పక్కన నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వేణువు, వయొలిన్ ఉండవలసిన చోట ఎవరూ లేరు. ముందుగా రికార్డు చేసిన పాటకే నాట్యమంతా నడిపించారు. కారణం అడిగితే, వాద్యబృందానికి అయ్యే ఖర్చు ఆదా అయితే ఆ మేరకు పిల్లలకే మిగులుతుందని నిర్వాహకులు చెప్పారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, లెక్క మాత్రం నాకు సరిగా తోచలేదు.

కూచిపూడిలో పాత్రధారి ఆడటమే కాదు, నోరు తెరిచి మాట్లాడటం కూడా ఉంది. సిద్ధేంద్రయోగి కల్పనగా చెప్పుకొనే భామాకలాపానికి ఆ మాటలే ప్రాణం. సత్యభామ తెర మీదుగా జడ వేసి ప్రవేశించడం, తాళం పట్టిన సూత్రధారుడే ఆమె చెలికత్తె మాధవిగా మారి ఆమెను ప్రశ్నలతో ఉడికించడం, మగని పేరు చెప్పమంటే ఆమె సిగ్గుపడి డొంకతిరుగుడుగా చెప్పడం, చివరకు కృష్ణునికి లేఖ రాయడం – ఇదంతా ఎదుట కూర్చున్న సభ స్పందనను బట్టి సాగుతుంది, కుదించుకుంటుంది. స్త్రీపాత్రలకు పేరొందిన నటుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసిన పెద్దలు నేటికీ ఆ సంవాదం సొగసునే తలచుకుంటారు. మొన్నటి ప్రదర్శనలో మాధవి ప్రశ్నకు సభ ఫక్కున నవ్వగానే రికార్డు ఆగలేదు; సత్యభామ జవాబు ఆ నవ్వులో కలిసిపోయింది. పాపం ఆ అమ్మాయి పెదవులు కదుపుతూనే ఉంది.

ఇంతకూ ఆదా చేసిన డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి. నాట్యానికి ముందు ముప్పావు గంటకు పైగా ఉపన్యాసాలు సాగాయి. శాలువాలు, దండలు, జ్ఞాపికలు లెక్కపెట్టడం నేను మధ్యలోనే మానుకున్నాను. నాట్యం చేసిన పిల్లలకు మాత్రం ఇది సేవ కాబట్టి పారితోషికం లేదని చెప్పారట. దాతకు శాలువా కప్పగలిగినవారు మృదంగ విద్వాంసుడికి దారి ఖర్చులైనా ఇవ్వలేకపోయారంటే నమ్మడం కష్టం. కచేరీల మీదే బతికే ఆ విద్వాంసుడి ఇంట్లోనే కాలేజీ ఫీజు కట్టలేని పిల్లవాడు ఉండవచ్చన్న ఆలోచన నిర్వాహకులకు ఎందుకు రాలేదో తెలియదు.

కూచిపూడి భాగవతుల ఆటకు మెచ్చి గోలకొండ నవాబు తానీషా ఆ గ్రామాన్నే వారికి అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. అంటే ఆ కళ తరతరాలు నిలవడానికి ముందుగా కళాకారుల జీవిక కుదుటపడవలసి వచ్చిందన్నమాట. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలకు అంత పేరు రావడంలో పట్రాయని సంగీతరావు గారు సమకూర్చిన సంగీతానికి ఎంత పాలు ఉందో రసికులకు చెప్పనక్కరలేదు. సంగీతాన్ని తీసివేయదగిన ఖర్చుగా చూసేవారు నృత్యనాటకం జోలికి పోకుండా నేరుగా విరాళాలే అడిగితే ఇంకా చవక.

మరొక విన్నపం. టికెట్ల మీద ఎంత వచ్చింది, విరాళాలు ఎన్ని, హాలు అద్దె, అలంకరణ, సన్మానాలకు ఎంత పోయింది, చివరకు ఎందరు విద్యార్థులకు ఏ ప్రాతిపదికన ఎంతెంత ఇచ్చారు అన్నది నెల రోజుల్లో ఒక కాగితం మీద ప్రకటిస్తే బాగుంటుంది. ఆ రోజు హాలు గుమ్మం దగ్గర నగదుగా తీసుకున్న విరాళాలకు రసీదులు అందరికీ ఇచ్చినట్టు నాకు కనిపించలేదు. రెండు వేల రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపు రాదన్న సంగతైనా దాతలకు ముందే చెప్పవలసింది.

వచ్చే ఏడాది కూడా ఈ ప్రదర్శన ఉంటుందని వేదిక మీద ప్రకటించారు. సంతోషం. టికెట్టు మీద మరో వంద రూపాయలు పెంచినా నేను కొంటాను, నలుగురి చేత కొనిపిస్తాను. మృదంగం మాత్రం వేదిక మీదే మోగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణా జిల్లా