హచికో సినిమాలో కనిపించని మనుషులు

సంపాదకుల వారికి నమస్కారం.

యజమాని అయిన ప్రొఫెసర్ పోయాక కూడా ఆయన కోసం రోజూ రైల్వే స్టేషన్‌కి వచ్చి ఎదురుచూసిన జపాన్ కుక్క హచికో మీద మొన్న ఆదివారం అనుబంధంలో రాసింది చదివాను. రిచర్డ్ గేర్ వేసిన 2009 హాలీవుడ్ సినిమాకి పేజీ అంతా ఇచ్చి, దానికి మూలమైన జపాన్ సినిమా ‘హచికో మోనోగతారి’ని రెండు లైన్లలో తేల్చేశారు. 1987లో సెయిజిరో కోయామా తీసిన ఆ సినిమాలో ప్రొఫెసర్‌గా తత్సుయా నకదాయ్ నటన చూస్తే ఎంతటి మొండివాళ్లకైనా కళ్లు చెమరుస్తాయి. అయితే నా ఫిర్యాదు అది కాదు. కుక్క విశ్వాసం గురించి ఇంతింత రాస్తారు, చుట్టూ ఉన్న మనుషులు ఏం చేశారో మాత్రం రాయరు.

హచికో యజమాని ప్రొఫెసర్ ఉయెనో 1925 మే 21న యూనివర్సిటీలోనే మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ఆ తర్వాత రోజూ టోక్యోలోని షిబుయా స్టేషన్‌కి వచ్చే హచికోని అక్కడివాళ్లు ముద్దు చేశారనుకుంటున్నారా? తరిమారు, కొట్టారు, మొహం మీద రంగుతో గీతలు గీసి నవ్వుకున్నారు. అదేమీ దిక్కులేని వీధికుక్క కాదు, అసలైన అకితా జాతిది, ప్రొఫెసర్ దగ్గర పనిచేసిన తోటమాలి ఇంట్లో ఉండేది. 1932లో అసాహి పత్రికలో దాని కథ పడ్డాకే జనం తీరు మారింది, అంటే మీలాంటి పత్రిక వల్లే! 1934లో హచికో బతికుండగానే విగ్రహం పెట్టారు. చేసిన మేలు మరవొద్దని బడి పిల్లల పాఠంలోకీ ఎక్కించారు. అంత మెచ్చుకున్న విగ్రహాన్ని రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి లోహం కోసం కరిగించేశారు. ఇప్పుడు షిబుయాలో అందరూ ఫోటోలు దిగేది మొదటి విగ్రహం చేసిన శిల్పి కొడుకు 1948లో మళ్లీ చేసిన విగ్రహం దగ్గర.

అది యజమాని కోసం కాదు, స్టేషన్ దగ్గర దొరికే యాకితోరి (పుల్లకి గుచ్చి కాల్చిన కోడిమాంసం) ముక్కల కోసం వచ్చేదని వాదించేవాళ్లు కూడా ఉన్నారు, నాకు వాళ్లని చూస్తే చిరాకు. పేపర్లో పడకముందు ఏడేళ్లు తన్నులు తింటూ రావడానికి ఆ మాంసం ముక్క సరిపోతుందా! ఆ పుల్లలు గుచ్చుకునే చచ్చిపోయిందని కూడా చెప్పుకునేవారు, భద్రపరిచిన అవయవాలను 2011లో పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది.

అసలు నేను రాయాలనుకున్నది యాయెకో సకానో గురించి. ప్రొఫెసర్‌తో ఏళ్ల తరబడి కాపురం చేసింది, కానీ పెళ్లి రిజిస్టర్ కాలేదు కాబట్టి ఆయన పోగానే ఇల్లు వదలాల్సి వచ్చింది, కుక్కని కూడా తనతో ఉంచుకోలేకపోయింది. సినిమాలో మాత్రం శుభ్రంగా భార్యని చేసి చూపించారు. ఆమె 1961లో పోతే, ఆమె అస్థికలు టోక్యోలోని అవోయామా శ్మశానంలో ఆయన పక్కకి చేరింది 2016లో. అక్కడ హచికో స్మారక చిహ్నం ఎప్పటినుంచో ఉంది! మన భారతంలో కుక్క వెంట వచ్చినప్పుడు పరీక్ష పెట్టింది ధర్మరాజుకి, కుక్కకి కాదు కదా.

ఏటా మార్చి 8న హచికో వర్ధంతికి మన పత్రికల్లోనూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఈసారి మీరు వేసేటప్పుడు యాయెకో గురించి ఒక్క పేరా అయినా వేయండి, చోటు చాలకపోతే రిచర్డ్ గేర్ ఫోటో కాస్త చిన్నది చేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరం