పక్క మెషీన్ పెద్దాయనకు కృతజ్ఞతలు

వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయనా, మీ పేరు అడగడం మరిచాను. మీకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా చెప్పుకోకపోతే నాకు తోచడం లేదు.

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది ఫిరంగులు నడిపిన ఎడ్వర్డ్ పోర్టర్ అలెగ్జాండర్ కోసం రెండు రోజులు జార్జియా సైనికుల రికార్డులున్న మైక్రోఫిల్మ్ రీళ్లే తిప్పాను, పుట్టింది అక్కడే కదా అని. (బానిసత్వం నిలబెట్టాలన్న ఆ పక్షం మీద నాకు మమకారమేమీ లేదు, గెటిస్‌బర్గ్ యుద్ధం పిచ్చి తప్ప.) మీరు నా స్క్రీన్ వైపు వంగి చూసి, "స్టాఫ్ ఆఫీసర్ల రీళ్లు అడుగు" అన్నారు. అదీ అసలు సంగతి! ఆయన మొదట్లో పనిచేసింది సేనాపతుల సిబ్బందిలో, అంటే స్టాఫ్‌లో. 1861లో బుల్ రన్ యుద్ధంలో ఆయన పని జెండాల సంకేతాలు. ఆ తర్వాత దక్షిణాది సేనాపతి లీ సైన్యానికి మందుగుండు సరఫరా. ఫిరంగి దళం చేతికొచ్చింది 1862 నవంబరులోనే. 1863 జులై 3న గెటిస్‌బర్గ్‌లో పికెట్ దళం దాడికి ముందు, దక్షిణాది జనరల్ లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులు మోగించిందీ ఆయనే.

ఇంకో మాట కూడా చెప్పారు: ఆ రీళ్లలోని సర్వీసు కార్డులు యుద్ధమయ్యాక దశాబ్దాలకు గుమాస్తాలు ఎత్తిరాసినవి, ఇనిషియల్స్ మార్చి మార్చి చూడమని. చూశాను. "ఇ.పి." కింద దొరికాడు.

మీరిచ్చిన పెన్సిల్ ఇంకా నా దగ్గరే ఉంది.