బొడ్డుతాడుకు కిస్తీలు కడుతున్నాను, మంత్రి గారూ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర శెనక్కాయ వేసుకుని బతికేవాణ్ణి. ఇది నా నాలుగో అర్జీ. ముందు మూడూ కాగితం మీద రాసిచ్చాను. అవి ఎక్కడున్నాయో తెలియదు గానీ 'మీ అర్జీ పరిష్కారమైంది' అని ఫోన్‌కు మెసేజీ మాత్రం వచ్చింది. ఏం పరిష్కారమైందో చెబితే నేనూ సంతోషపడతాను.

స్టెమ్ సెల్ బ్యాంకుల సంగతి, అదే డబ్బు తీసుకుని బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలను దాచిపెట్టే కంపెనీల సంగతి, మీకు తెలియంది కాదు. మా ఆవిడకు ఏడో నెల స్కానింగ్‌కు పోతే, ఆ నర్సింగ్ హోమ్ బెంచీ మీదే టై కట్టుకుని అట్లాంటి బ్యాంకు మనిషి ఒకాయన కూర్చున్నాడు. బొడ్డుతాడు రక్తం ఒక్కటే దాస్తే చాలదంట, తాడు ముక్క కూడా దాయాలంట, దాంట్లో వార్టన్ జెల్లీ అని జిగురు ఉంటుందంట, ఆ కణాలతో రేపు మెదడు జబ్బయినా నరాల జబ్బయినా బాగు చేస్తారంట. బిడ్డ కోసం అంటే ఎవరు కాదంటారు సార్? కాయలమ్మిన డబ్బు అడ్వాన్సు కట్టి, మిగతాది నెలకు 1,900 కిస్తీకి ఒప్పుకున్నాను. (నేను పుట్టినప్పుడు మా అవ్వ ఊడిపడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టిందంట. దానికి కిస్తీ లేదు.)

బిడ్డ పుట్టగానే ఏడవలేదు. ఇప్పుడు మూడేళ్లు, ఇంకా మెడ నిలవదు, సెరిబ్రల్ పాల్సీ అన్నారు, మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని జబ్బంట. దాచింది ఇందుకే కదా అని ఫోన్ చేస్తే 'అది ఇంకా ట్రయల్స్‌లో ఉంది సార్' అన్నారు, అంటే పనిచేస్తుందో లేదో ఇంకా పరీక్షించి చూస్తున్నారంట. అమ్మేరోజు ఈ ట్రయల్స్ మాట ఎందుకు ఎత్తలేదు? వారానికి మూడుసార్లు వాణ్ణి భుజాన వేసుకుని ఫిజియోథెరపీకి అనంతపురం బస్సెక్కుతాం. నిలబడి పోతుండగానే కిస్తీ కట్టమని ఫోన్, కట్టకపోతే మీ బిడ్డ కణాలు పారేస్తామని బెదిరింపు. పారేస్తే పారేయండి అనడానికి కూడా నోరు రాదు సార్, ఎంతైనా వాడి బొడ్డు కదా.

ఫార్మసీ చదివే మా అన్న కొడుకు చూపించాడు, వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది: బ్యాంకులో దాచడానికి అనుమతి బొడ్డుతాడు రక్తానికే, తాడు ముక్కకు లేదు, మాయకు లేదు. లేనప్పుడు వాళ్లు కాన్పుల వార్డు దాకా ఎట్లా వస్తున్నారు? ఆ మాట తెలుగులో ఒక బోర్డు మీద రాసి ప్రతి కాన్పుల ఆస్పత్రిలో పెట్టించండి, ఆ బెంచీ మీద నుంచి వాళ్లను లేపండి, నా డబ్బు నాకు ఇప్పించండి, అది కాకపోతే కనీసం కిస్తీలన్నా ఆపించండి.

వచ్చే కిస్తీ 10వ తేదీన ఉంది. ఈసారి మాత్రం పరిష్కారమైందని మెసేజీ పంపకండి సార్.

ఇట్లు,
ఉరవకొండ నుంచి ఒక తండ్రి