తప్పు ఆఫీసుది, తిప్పలు దరఖాస్తుదారువి

సంపాదకుల వారికి,

విదేశీ పాస్‌పోర్టుతో మన పల్లెలకు కోడళ్లుగా వచ్చినవాళ్లు ఎక్కువమంది ఉండకపోవచ్చు. ఉన్న కొద్దిమందీ భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే ఎన్ని గడపలు ఎక్కి దిగాలో మా కుటుంబంలోనే చూస్తున్నాను. అందుకే ఈ లేఖ.

మా మేనల్లుడి భార్య మలేషియాలో పుట్టింది. తెలుగు పిల్లే. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆమె ముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో తోటపనికి వెళ్లారు. అక్కడి బాగాన్ దాతో ప్రాంతంలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. తండ్రి భారతీయుడు, తల్లి చట్టప్రకారం వీసాతో ఉంటున్న మనిషి కాబట్టి ఆ పిల్లలు పుట్టుకతోనే భారత పౌరులు. తల్లి మాత్రం ఇంకా విదేశీయురాలే.

1955 పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, భారతీయుణ్ని పెళ్లాడి ఏడేళ్లు ఇక్కడే నివసించినవారు రిజిస్ట్రేషన్ ద్వారా పౌరసత్వం కోరవచ్చు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు దేశంలోనే ఉండాలి. ఆ షరతు కోసం ఈ అమ్మాయి కన్నతండ్రికి జబ్బు చేసినా పుట్టింటికి వెళ్లలేదు. ప్రత్యేక పరిస్థితుల్లో మొత్తం మీద ముప్పై రోజుల దాకా సడలింపు ఇవ్వవచ్చని 2015లో చట్టాన్ని సవరించారు. ఆ మాట ఆమెకు ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు.

దరఖాస్తు కేంద్ర హోంశాఖ వెబ్‌సైటులో నింపాలి. ఆ ప్రతిని, ఆధారాలను జిల్లాలో ఇవ్వాలి. 2009 నిబంధనల ప్రకారం కలెక్టరు విచారణ జరిపించి 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక పంపాలి. రాష్ట్రం 30 రోజుల్లో ఢిల్లీకి పంపాలి. మా వాళ్లు దరఖాస్తు ఇచ్చింది 2022 చివర్లో. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు.

ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకునేవాళ్లం. తప్పులు చేసేది వాళ్లు, దిద్దించుకోవలసింది మేమూనా? మలేషియా పాస్‌పోర్టుల్లో మనవాళ్లకు ఇంటిపేరు ఉండదు. మనిషి పేరు, ఆ తర్వాత తండ్రి పేరు ఒకే వరసలో ఉంటాయి. ఇక్కడి వివాహ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు వచ్చి చేరింది. దరఖాస్తులో అన్నీ సరిగానే ఉన్నాయి. పోలీసు విచారణకు లేఖ టైపు చేసినవారు మాత్రం తండ్రి పేరును ఇంటిపేరుగా వేశారు, పుట్టిన తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేశారు. పోలీసులు ఆ లేఖలో ఉన్నట్టే నివేదిక రాశారు. కొన్ని నెలల తర్వాత పైనుంచి కొర్రీ వచ్చింది: నివేదికలోని వివరాలు పాస్‌పోర్టుతో సరిపోవడం లేదు, వివరణ ఇవ్వాలి అని. ఆ వివరణ లేఖ టైపు చేసిన సెక్షన్‌ను అడగలేదు, దరఖాస్తుదారునే అడిగారు. స్టాంపు పేపరు మీద ‘ఇద్దరూ ఒకరే’ అని అఫిడవిట్, దానికి నోటరీ, మళ్లీ పోలీసు విచారణ. మొదటిసారి చెప్పిన ఇరుగుపొరుగు వాళ్లే మళ్లీ అవే జవాబులు చెప్పి సంతకాలు పెట్టారు.

రెండో కొర్రీ చిరునామా మీద. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి ఉమ్మడి గుంటూరు జిల్లా మూడయింది. మా మేనల్లుడి ఊరు మారలేదు, జిల్లా పేరు మారింది. నివాస అనుమతి కాగితం మీద పాత జిల్లా, ఆధార్‌లో కొత్త జిల్లా ఉన్నాయి. చిరునామాలో తేడా ఉందని ఫైలు వెనక్కి వచ్చింది. విభజన చేసింది ప్రభుత్వమే, గెజిట్ ఇచ్చిందీ ప్రభుత్వమే. ఆ గెజిట్ ప్రతి ఒకటి ఫైలుకు జతచేసి పంపితే సరిపోయేదానికి ఒక కుటుంబాన్ని మళ్లీ తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిప్పారు.

ఈలోగా పాస్‌పోర్టు గడువు ముగిసింది. చెన్నైలోని మలేషియా కాన్సులేటుకు వెళ్లి కొత్తది తెచ్చుకుంది. కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరే కదా ఉండేది. ఫైలులో ఉన్న నంబరు వేరు అని ఇంకో కొర్రీ వేశారు. అసలు మొదటి 90 రోజుల్లో ఫైలు ఢిల్లీకి చేరి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ఫైలు ఎక్కడుందో తెలుసుకుందామని సమాచార హక్కు దరఖాస్తు పెట్టబోతే ఇంకో చిక్కు. 2005 నాటి ఆ చట్టం సమాచారం అడిగే హక్కును ఇచ్చింది పౌరులకే. పౌరసత్వం కోసం ఎదురుచూసే మనిషి తన ఫైలు గురించి తాను అడగలేదు. భర్త అడిగాడు. అది ‘మూడో వ్యక్తి సమాచారం’ కాబట్టి ఇవ్వలేమని జవాబు వచ్చింది. కట్టుకున్న భార్య, పైగా ఆమె అంగీకార పత్రం కూడా జతచేశాడు. సోమవారం అర్జీ ఇస్తే కొన్నాళ్లకు ‘పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నేనూ ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్నే. సెక్షన్‌లో కూర్చున్న గుమాస్తాను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి ఫైళ్లు మన జిల్లాల్లో అరుదుగా వస్తాయి. ఒకరు పని నేర్చుకునేలోపు బదిలీ అవుతారు, తర్వాత వచ్చినవారికి మళ్లీ అంతా కొత్తే. తెలియని పనిలో సంతకం పెట్టడానికి ఎవరైనా జంకుతారు, జంకినప్పుడు కొర్రీ వేసి వెనక్కి పంపడమే క్షేమం అనిపిస్తుంది. అది అర్థమవుతుంది. కానీ ఆ క్షేమానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం ఒక కుటుంబం. భార్య పేరున ఒక అరెకరం రిజిస్టర్ చేయిద్దామని మా మేనల్లుడికి ఎప్పటినుంచో ఉంది. విదేశీ పౌరులు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. 2024 మే 13న పోలింగ్ నాడు ఇంటిల్లిపాదీ ఓటు వేసి వచ్చారు, ఆమె తప్ప.

ఇంతకంటే భయపెట్టేది ముందుంది. హోంశాఖ అంగీకారం తెలిపాక, పాత దేశపు పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు చూపితేనే సర్టిఫికెట్ ఇస్తారు. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు, అందులో తప్పు లేదు. కానీ అక్కడ వదులుకున్న రోజుకూ ఇక్కడ నమోదైన రోజుకూ మధ్య ఆ మనిషి ఏ దేశానికీ చెందదు. ఇన్ని కొర్రీలు చూసినవాళ్లకు, ఆ దశలో కూడా పేరులో అక్షరం తప్పుపడి ఫైలు ఆగితే ఏమిటి గతి అన్న భయం ఉండదా? ఆ అమ్మాయి ఈమధ్య అడుగుతున్నది ఇదొక్కటే. నా దగ్గర జవాబు లేదు.

మనసుంటే మార్గం లేకపోలేదు. 2021 మేలో కేంద్ర హోంశాఖ గుజరాత్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హర్యానా, పంజాబ్‌లలో 13 జిల్లాల కలెక్టర్లకు, పొరుగు దేశాల నుంచి వచ్చిన కొన్ని వర్గాల దరఖాస్తులను జిల్లా స్థాయిలోనే తేల్చే అధికారం ఇచ్చింది. అంతటి అధికారం మన కలెక్టర్లకు ఇమ్మని నేను అడగడం లేదు. కార్యాలయంలో దొర్లిన టైపు తప్పును ఆ కార్యాలయమే, అసలు పాస్‌పోర్టు చూసి, ఫైలు వెనక్కి పంపకుండా దిద్దాలి. జిల్లాల విభజన వల్ల వచ్చిన చిరునామా తేడాలకు, రెన్యూవల్ వల్ల మారిన పాస్‌పోర్టు నంబర్లకు కొర్రీ వేయవద్దని రాష్ట్ర సచివాలయం నుంచి ఒక సర్క్యులర్ వస్తే చాలు. ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల పరిధిలోని ఇలాంటి దరఖాస్తులన్నిటికీ ఈ పని తెలిసిన అధికారి ఒకరిని కనీసం మూడేళ్లు కదపకుండా ఉంచాలి. 60 రోజులు, 30 రోజులు దాటిన ప్రతి ఫైలుకూ ఎందుకు దాటిందో, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలని మీ పత్రిక ద్వారా రాష్ట్ర హోంశాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు